‘పీపుల్ ఆఫ్ కలర్’ అంటే నల్లజాతీయులు మాత్రమే కాదు

సంపాదకుల వారికి,

అమెరికా వార్తలను తెలుగు చేసేటప్పుడు ‘పీపుల్ ఆఫ్ కలర్’ అన్న మాటను మన పత్రికలు తరచూ ‘నల్లజాతీయులు’ అని రాసేస్తున్నాయి. దీనివల్ల లెక్కే తారుమారవుతోంది. 2020 జనగణనలో నల్లజాతీయులుగా మాత్రమే నమోదైనవారు 12.4 శాతం. హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల) మూలాలు లేని శ్వేతజాతీయులు 57.8 శాతం. వీరు పోగా మిగిలిన 42 శాతం మందినీ, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న లాటినోలు, నల్లజాతీయులు, ఆసియా మూలాలవారు, మూలవాసులు అందరినీ కలిపి చెప్పే మాట అది. డాలస్‌లో ఉద్యోగం చేసుకునే మన కరీంనగర్ అబ్బాయి కూడా అందులోకే వస్తాడు. అనువాదంలో అతను మాయమైపోతున్నాడు.

‘వర్ణ ప్రజలు’ అని రాస్తే సరిపోతుందనేవారున్నారు. మన దగ్గర వర్ణం అనగానే చాతుర్వర్ణ్యం, సవర్ణులు గుర్తొస్తారు కాబట్టి ఆ మాట పనికిరాదు. ‘శ్వేతజాతీయేతరులు’ అర్థానికి సరిపోతుంది. కానీ తమను ‘తెల్లవారు కానివారు’ అని పిలవడం ఇష్టం లేకే చాలామంది ‘పీపుల్ ఆఫ్ కలర్’ అన్న పేరును ఎంచుకున్నారు. అందుకే ‘పీపుల్ ఆఫ్ కలర్’ అనే ఉంచి, వార్తలో మొదటిసారి వచ్చినచోట ‘శ్వేతజాతీయులు కాని అన్ని సమూహాలవారు’ అని ఒక్క ముక్క వివరణ ఇస్తే చాలు.

‘కలర్డ్’ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. అమెరికాలో అది నల్లవారిని తెల్లవారి నుంచి వేరుగా ఉంచే చట్టాల కాలంలో మంచినీటి కొళాయిల మీద, రైల్వే వెయిటింగ్ రూముల మీద రాసిన మాట. ఇవాళ ఎవరినైనా అలా పిలిస్తే అవమానం. 1909లో పుట్టిన నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ (నేషనల్ అసోసియేషన్ ఫర్ ది అడ్వాన్స్‌మెంట్ ఆఫ్ కలర్డ్ పీపుల్) పేరులో మాత్రం చరిత్రగా మిగిలింది. దక్షిణాఫ్రికాలో సంగతి వేరు. 1950 నాటి జనాభా నమోదు చట్టం ‘కలర్డ్’ను, అంటే ప్రధానంగా మిశ్రమ మూలాలవారిని, ఒక వర్గంగా నిర్ణయించింది. 1991లో ఆ చట్టం రద్దయినా పేరు నిలిచింది. 2022 జనగణనలో 8.2 శాతం మంది అదే పేరుతో నమోదయ్యారు. అక్కడ బ్లాక్ ఆఫ్రికన్లు 81.4 శాతం, భారతీయులు, ఆసియన్లు కలిపి 2.7 శాతం. కేప్‌టౌన్ వార్తలో ‘కలర్డ్’ను నల్లజాతీయులని తెలుగు చేస్తే రెండు వేర్వేరు సమాజాలను ఒకటి చేసినట్టే.

‘నీగ్రో’ను 2016లో అమెరికా తన ఫెడరల్ చట్టాల నుంచే తీసేసింది. పాత సంస్థల పేర్లలో, పాత ప్రసంగాల ఉటంకింపుల్లో తప్ప వాడకూడదు. ‘రెడ్ ఇండియన్లు’ కూడా అంతే. నవాహో, చెరోకీ అని తెగ పేరు తెలిస్తే అదే రాయాలి.

‘నల్లజాతీయులు’, ‘ఆఫ్రికన్ అమెరికన్లు’ కూడా ఒకటి కాదు. హైతీ నుంచో ఘనా నుంచో నిన్నమొన్న వలస వచ్చినవారిలో చాలామంది ఆ రెండో పేరు పెట్టుకోరు. మూలంలో ఏ మాట ఉందో చూసి రాయాలి.

హైదరాబాద్ నేరవార్తల్లో ఆఫ్రికా నుంచి వచ్చిన ఎవరైనా సరే ‘నైజీరియన్’ అయిపోతున్నారు. పాస్‌పోర్టులో ఏ దేశం ఉంటే ఆ దేశం రాయండి. అది తెలియకపోతే అసలు రాయకండి. నిజాం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ (ఆఫ్రికన్ అశ్వికదళం) పేరుతోనే హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ ప్రాంతం ఏర్పడింది. అక్కడి సిద్దీలు, అంటే ఆఫ్రికా మూలాలున్నవారు, తరతరాలుగా హైదరాబాదీలు. వాళ్ల గురించి రాసేటప్పుడు ‘సిద్దీలు’ అనే రాయాలి.

ఒక పాఠకురాలు,
హనుమకొండ