సంత్రా తొక్క

చైతన్యపురి, హైదరాబాద్
శనివారం రాత్రి

బంగారు తల్లికి,

పోయిన ఆదివారం నువ్వు ఫోన్ చేసి "నాన్నా, పాలు విరిగిపోయాయి" అన్నావు చూడు, ఆ గొంతు విన్నప్పటి నుంచి నాకు ప్రాణం ఉసూరుమంటూనే ఉంది. వారమంతా ఆఫీసు, శనివారం కూడా లాప్‌టాప్ ముందే. మిగిలిన ఆ ఒక్క పూట, పాలూ గుడ్లలో బ్రెడ్డు నానబెట్టి కాల్చే మన సంత్రా టోస్టు చేసుకుని తిందామనుకుంటే గిన్నెడు పాలు, రెండు గుడ్లు సింకు పాలయ్యాయి. ఫోన్‌లో ఏదో సర్దిచెప్పాను గానీ, ఇది చేతులు చూపిస్తూ చెప్పాల్సిన పని. నువ్వేమో బెంగళూరులో ఉన్నావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను మొదటిసారి చేసినప్పుడూ అచ్చం ఇలాగే అయింది. నీకప్పుడు ఆరేళ్లు. కాచి దింపిన పాలు ఇంకా వేడిగా ఉండగానే అందులో సంత్రా రసం పిండేశాను. చూస్తుండగానే పాలు ముక్కలు ముక్కలయ్యాయి. పులుపు తగిలితే పాలు విరుగుతాయి, వేడి మీదుంటే మరీ తొందరగా. ఇంట్లో పనీర్ చేసేది అలాగే కదా. అమ్మ ఆ విరుగుడును వడగట్టి, చక్కెర కలిపి నీకు పెట్టింది, నువ్వు ఇష్టంగానే తిన్నావు. నాకు మాత్రం ఆ రోజంతా అదే ఆలోచన. సంత్రా వాసన బ్రెడ్డు లోపలిదాకా పోవాలి, పాలు విరగకూడదు. దారి తోచలేదు.

ఆ దారి నువ్వే చూపించావు. నీకు గుర్తుందో లేదో, ఆ చలికాలమే ఒక సాయంత్రం కరెంటు పోయింది. కొవ్వొత్తి చుట్టూ కూర్చుని సంత్రాలు ఒలుచుకుంటున్నాం. నువ్వు ఒక తొక్క ముక్కను రెండు వేళ్ల మధ్య మడిచి, మంటకు ఎదురుగా పెట్టి నొక్కావు. చిటపటమని సన్నటి మెరుపులు లేచాయి. నువ్వు కేరింతలు కొట్టి, ఇంకో ముక్క, ఇంకో ముక్క అంటూ పళ్లెంలో తొక్కలన్నీ అయిపోయేదాకా నొక్కావు. కరెంటు వచ్చాక కూడా గదంతా అదే వాసన. నీళ్లు అలా మండవు, నూనె మండుతుంది. తొక్క మీద గుచ్చినట్టు కనిపించే ఆ చుక్కల్లో ఉన్నది నూనె, వాసనంతా ఆ నూనెదే. రసంలో ఉండేవి తీపీ పులుపూ. తొక్క పాలలో పడ్డా పాలకేమీ కాదు. నేనేమో అన్నాళ్లూ రసం పిండుకుని తొక్క పారేస్తున్నాను!

అందుకని తురమడం దగ్గర తొందరపడకు. పండును గోరువెచ్చటి నీళ్లలో బాగా రుద్ది కడుగు, ఒక్కోసారి మైనం పూత ఉంటుంది. తడి తుడిచి, ఒలవకముందే నిండు పండును అల్లం తురిమే సన్న కన్నాల మీద తేలిగ్గా ఆడించు. నాగపూర్ సంత్రా తొక్క వదులుగా ఉంటుంది కాబట్టి గట్టిగా పట్టుకో. నారింజ రంగు పోయి తెలుపు కనిపించగానే పండు తిప్పు. ఆ తెల్లటిది చేదు, రవ్వంత పడినా నాలుక పట్టేస్తుంది. రెండు పండ్ల తురుమును రెండు చెంచాల చక్కెరలో వేసి వేళ్ల కొసలతో నలుపు. పొడిగా ఉన్న చక్కెర కాసేపటికి తడి ఇసుకలా ముద్దకట్టి, పసుపు రంగుకు తిరుగుతుంది. అప్పుడు చేతులు వాసన చూసుకో. నేనైతే ఆ పూట చేతులు సబ్బుతో కడుక్కోను.

బ్రెడ్డు సంగతి రాత్రే చూసుకోవాలి. బేకరీలో కోయని బ్రెడ్డు అడిగి తెచ్చి, బొటనవేలంత మందాన కోసి, మూత పెట్టకుండా పళ్లెంలో ఆరనివ్వు. తాజా బ్రెడ్డు పాలలో నానితే చేతికొచ్చేలోపే విడిపోతుంది. మన పెళ్లిళ్లలో డబుల్ కా మీఠా చేసేవాళ్లు బ్రెడ్డును ముందు నేతిలో ఎర్రగా వేయించిగానీ పాకంలో వేయరు, చూశావు కదా. ఫ్రెంచి వాళ్లు ఈ టోస్టును పోయిన రొట్టె అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. పాతబడి ఎండిపోయిన రొట్టెకు మళ్లీ ప్రాణం పోసే వంట ఇది.

నాలుగు ముక్కలకు రెండు గుడ్లు, 150 మిల్లీలీటర్ల చల్లటి పాలు, చిటికెడు ఉప్పు, నలిపిన చక్కెర. గుడ్డు తీగలు కనపడకుండా గిలకొట్టు. అమ్మ ఏలకులు వేయమంటుంది. నేను వద్దంటాను, ఏలకులు పడితే సంత్రా వెనక్కి పోతుంది. ఒక్కో వైపు రెండు నిమిషాలు నానబెట్టి, నేతిలో చిన్న మంట మీద మూడు నాలుగు నిమిషాల చొప్పున కాల్చు. మంట పెంచితే పైన చక్కెర మాడుతుంది, లోపల గుడ్డు పచ్చిగా ఉంటుంది. నడిమధ్య వేలితో నొక్కి చూడు, లేచి వస్తే అయినట్టే.

రసం పాకానికి వాడుకో. తురిమిన పండ్లనే పిండి, చెంచా చక్కెర వేసి, మూడో వంతుకు వచ్చేదాకా మరిగించు. దింపాక నాలుగు చుక్కల నిమ్మరసం. బత్తాయితో మాత్రం చేయకు. నల్గొండ బత్తాయి అంటే నాకెంత ఇష్టమో నీకు తెలుసు, కానీ ఆ రసం పిండిన వెంటనే తాగాలి, నిలవుంటే చేదెక్కుతుంది. నేను పాకం కాచి చూశాను, నోట పెట్టలేకపోయాం.

పండు ఎంచేటప్పుడు రంగు చూసి మోసపోకు, చేతిలో బరువు చూడు. కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో ఈ కాలానికి పెట్టెడు తెచ్చేవాణ్ణి, నువ్వు మెట్ల మీద కూర్చుని లెక్కపెట్టేదానివి. మార్కెట్ బాటసింగారం తరలిపోయాక వీధిలో బండి దగ్గరే డజనో అరడజనో కొంటున్నాం.

ఉత్తరంతో పాటు మన అల్లం తురుముపీట పంపుతున్నాను. ఒక మూల వంగి ఉంటుంది, ఆ మూల అరచేతికి ఆనేట్టు పట్టుకో, జారదు. అమ్మ కొత్తది కొనుక్కుంది.

వచ్చే ఆదివారం మేమూ చేసుకుంటాం. నువ్వు అలారం పెట్టుకోకు, కంటినిండా నిద్రపో. లేచాక ఫోన్ చెయ్యి. పదైనా, పదకొండైనా సరే, అప్పటిదాకా ఇక్కడ పెనం పొయ్యెక్కదు.

నాన్న