అమిలాయిడ్ పరీక్ష సెల్లార్‌లో అమ్మే సరుకా?

సంపాదకులకు నమస్కారం.

అల్జీమర్స్‌ను లక్షణాలు కనబడక ముందే రక్తపరీక్షతో పట్టేయవచ్చని ఈమధ్య మీ ఆరోగ్యం పేజీలో వార్త వేశారు. వార్త అబద్ధం కాదు. అందులో రాయకుండా వదిలేసిన సగం గురించే ఈ ఉత్తరం. నేను డిగ్రీ కాలేజీలో జీవరసాయన శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. డాక్టర్ని కాను. ఆ పరీక్ష వెతికే అమిలాయిడ్ బీటా అనే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) బొమ్మ మాత్రం బోర్డు మీద ఎన్నో ఏళ్లు వేశాను.

మా నల్లకుంట వైపు అపార్ట్‌మెంట్లలో ఆదివారం పొద్దున్నే సెల్లార్‌లో హెల్త్ క్యాంపులు పెడుతుంటారు. బీపీ, షుగర్ ఉచితం. అవి చూసి పంపేస్తారా అంటే, లేదు, ఈ అమిలాయిడ్ రక్తపరీక్ష ఉన్న 'బ్రెయిన్ హెల్త్ ప్యాకేజీ' అని ఒక కాగితం చేతిలో పెడతారు. పెద్దవాళ్లకు డిస్కౌంట్ కూడానట. మా పై అంతస్తులో ఉండే పెద్దాయన, అసోసియేషన్ మెయింటెనెన్స్ లెక్కలు ఇప్పటికీ పుస్తకం చూడకుండా నోటితో చెప్పే మనిషి, ఆ పరీక్ష చేయించుకున్నారు. రిపోర్టు పట్టుకుని మా ఇంటికొచ్చారు. అమిలాయిడ్ 42/40 నిష్పత్తి అన్నచోట ఎర్ర అక్షరాల్లో 'తక్కువ' అని, పక్కన ఒక చుక్క గుర్తు. "తక్కువే కదమ్మా, మంచిదేగా?" అన్నారు. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సాయంత్రం ల్యాబ్ నుంచి ఫోన్ చేసి వాళ్లే చెప్పారు, ఇంకో స్కాన్ కూడా చేయించుకోమని. మర్నాటికల్లా విదేశంలో ఉన్న కొడుకు ఫోన్ చేసి బ్యాంకు ఖాతా జాయింట్ చేయించమన్నాడట.

తక్కువైతే ఎందుకు చెడ్డ? మెదడు కణాల పొరలో ఏపీపీ అనే పెద్ద ప్రోటీన్ ఉంటుంది. దాన్ని బీటా సెక్రెటేజ్ అనే ఎంజైమ్ ఒకచోట, గామా సెక్రెటేజ్ అనే ఎంజైమ్ ఇంకోచోట కోస్తే మధ్యలోంచి ఊడిపడే ముక్క అమిలాయిడ్ బీటా. రోగం ఉన్నవాళ్లలోనే పుట్టే విషమేమీ కాదిది. మీకూ నాకూ రోజూ తయారవుతుంది, రోజూ బయటికి పోతుంది. గామా సెక్రెటేజ్ ప్రతిసారీ ఒకేచోట కోయదు కాబట్టి 40 అమైనో ఆమ్లాల ముక్కలు ఎక్కువగా, 42 ఉన్నవి కొద్దిగా వస్తాయి. గొడవంతా ఆ 42తోనే. అవి ఒకదాన్నొకటి అతుక్కుని పోగులవుతాయి, కణాల మధ్య గడ్డకడతాయి. 1906లో అలోయిస్ అల్జీమర్ తన రోగి మెదడులో చూసింది ఆ గడ్డల్నీ, కణాల లోపలి చిక్కుల్నీ. మెదడులో ఇరుక్కుపోయిన 42 రక్తంలోకి రాదు. అందుకే నిష్పత్తి తగ్గుతుంది.

అయితే గడ్డలున్నవాళ్ల రక్తానికీ లేనివాళ్ల రక్తానికీ ఈ నిష్పత్తిలో తేడా 10, 15 శాతం లోపే. అంత సన్నని తేడా పట్టుకోవాలంటే తీసిన రక్తాన్ని వెంటనే వేరుచేసి చల్లగా ఉంచాలి, లేకపోతే పెప్టైడ్ చెడిపోతుంది. మే నెల ఎండలో బైక్ వెనక డబ్బాలో ట్రాఫిక్ దాటుకుంటూ వెళ్లే శాంపిల్ సంగతి ల్యాబ్ వాళ్లే చెప్పాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లలో ఈ అంకెలు మారిపోతాయన్నది మరో చిక్కు. షుగర్‌తో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు మన నగరంలో తక్కువేమీ కాదు. క్యాంపులో ఆ ప్రశ్న మా పెద్దాయనను ఎవరూ అడగలేదు.

పోనీ, అంకె సరైనదే అనుకుందాం. మెదడులో గడ్డల్ని చూపించే పెట్ స్కాన్ల అధ్యయనాలు కలిపి 2015లో లెక్క తీస్తే, మతి నిక్షేపంగా ఉన్నవాళ్లలోనే 50 ఏళ్లప్పుడు సుమారు 10 శాతం, 90 ఏళ్లకు 44 శాతం మంది మెదడులో అమిలాయిడ్ కనబడింది. వీళ్లలో చాలామందికి డిమెన్షియా, అంటే రోజువారీ పనులు చేసుకోలేనంతగా మతి తగ్గిపోవడం, రాకుండానే జీవితం గడిచిపోతుంది. పైగా పరీక్ష 90 శాతం కచ్చితమే అనుకున్నా, 100 మందిలో 10 మందికే గడ్డలుంటే 9 మందిని సరిగ్గా పట్టుకుంటుంది, ఏమీ లేని 90 మందిలో ఇంకో 9 మందికి ఉన్నాయని చెబుతుంది. అంటే ఎర్ర అక్షరాల రిపోర్టు అందుకున్నవాళ్లలో సగం మంది ఉత్తపుణ్యానికి నిద్ర పోగొట్టుకుంటారు. మతిమరుపు మొదలై న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లినవాళ్లలో అయితే ఇదే పరీక్ష బాగా పనికొస్తుంది. 2025 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మొదటిసారి అనుమతించిన అల్జీమర్స్ రక్తపరీక్ష కూడా లక్షణాలున్నవారికే, అదీ నిపుణులు చూసేచోటే.

ఇదంతా చదివి అమిలాయిడ్ కథే బూటకం అనుకోవద్దని మనవి. ఆ మాట వాట్సాప్‌లో ఇప్పటికే తిరుగుతోంది. 2006లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పేరుమోసిన పత్రంలో చిత్రాలు తారుమారు చేశారని తేలి 2024లో దాన్ని వెనక్కి తీసుకున్న మాట నిజమే. కానీ అది ఎలుకల్లో ఒకానొక రకం అమిలాయిడ్ గుంపు గురించిన పత్రం. దాంతో మొత్తం కూలిపోదు. ఏపీపీ జన్యువు ఉండేది 21వ క్రోమోజోమ్ మీద. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఆ క్రోమోజోమ్ మూడు ప్రతులుంటాయి, 40 ఏళ్లు దాటేసరికి దాదాపు అందరి మెదడులోనూ ఈ గడ్డలుంటాయి. ఐస్‌లాండ్‌లో కొందరికి ఇదే జన్యువులో అమిలాయిడ్ తయారీని తగ్గించే చిన్న మార్పు ఉందనీ, వాళ్లకు అల్జీమర్స్ ముప్పు బాగా తక్కువనీ 2012లో తేలింది. అమిలాయిడ్‌కు పాత్ర ఉంది. అదొక్కటే పాత్రధారి కాదు, అంతే. మతి తగ్గడంతో ఎక్కువగా కలిసి నడిచేది టౌ అనే మరో ప్రోటీన్ చిక్కులు.

మందుల సంగతికొస్తే మీ పత్రిక కూడా కొంచెం నిదానించాలి. అమిలాయిడ్‌ను తొలగించే అడుకానుమాబ్ అనే మందుకు, ఎఫ్‌డీఏ తన సొంత సలహా సంఘం వద్దన్నా 2021లో అనుమతిచ్చింది. 2024లో కంపెనీయే దాన్ని ఆపేసింది. 2023లో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ అనే అలాంటి మందు దానికన్నా కొంత మెరుగు. దాన్ని 1,795 మందితో 18 నెలలు పరీక్షించారు. 'జబ్బు వేగం 27 శాతం తగ్గింది' అని శీర్షికలు వచ్చాయి. జబ్బు తీవ్రతను లెక్కగట్టే 18 పాయింట్ల కొలతలో అసలు తేడా 0.45 పాయింటు అన్న సంగతి ఎన్ని పత్రికలు రాశాయి? ఆ పరీక్షలో రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కించారు, మధ్యమధ్య ఎమ్మారై తీశారు. మందు తీసుకున్నవారిలో 12.6 శాతం మందికి స్కాన్‌లో మెదడు వాపు కనబడింది, వాళ్లలో ఎక్కువమందికి బయటికి ఏ ఇబ్బందీ తెలియకపోయినా. ఇదంతా తొలిదశ రోగులకే. లక్షణాలే లేని మా పై అంతస్తు పెద్దాయనకు ఇవ్వడానికి ఈరోజు ఏ మందూ లేదు. మరి ఆ పరీక్ష ఎవరికోసం?

మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. వీళ్లలో చాలామందిని ఇంట్లోవాళ్లు 'చాదస్తం' అని కొట్టిపారేస్తున్నారు. పరీక్ష అందాల్సింది వీళ్లకు. అదీ ముందు బీ12, థైరాయిడ్, డిప్రెషన్, చెవుడు చూశాక. వాటివల్ల వచ్చే మతిమరుపు చికిత్సతో కొంతమందిలో సర్దుకుంటుంది. బస్తీ దవాఖానాల్లో బీపీ చూసేటప్పుడే 'ఈరోజు తేదీ ఎంత? ఈ మూడు పేర్లు కాసేపాగి చెప్పండి' అని అడిగే పద్ధతి పెడితే పెద్ద ఖర్చేం కాదు. ఇక్కడే నిమ్స్ మెమరీ క్లినిక్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను గమనించి, రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చిందని 2013లో ప్రచురించింది. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనబడింది. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడే మన బజార్లకు దక్కిన లాభమది. ప్యాకేజీలో దొరకదు.

న్యూరాలజిస్టో, మానసిక వైద్యులో రాసిన చీటీ లేకుండా అమిలాయిడ్, టౌ పరీక్షలు చేయకూడదని ల్యాబులకు వైద్య ఆరోగ్యశాఖ ఆదేశాలివ్వాలి. రిపోర్టులో అంకెతోపాటు ఆ అంకె ఎవరికి వర్తించదో తెలుగులో రాయాలి. మీకూ ఒక విన్నపం. ఈ ప్యాకేజీల ప్రకటనలు మీ పేజీల్లోనూ వస్తున్నాయి. 'లక్షణాలు లేనివారికి ఈ పరీక్ష సిఫారసు చేయడం లేదు' అన్న వాక్యం, ధర ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో అంత పెద్ద అక్షరాల్లో వేస్తేనే ఆ ప్రకటన తీసుకోండి.

ఇట్లు,
విశ్రాంత జీవరసాయన శాస్త్ర అధ్యాపకురాలు,
నల్లకుంట, హైదరాబాద్