స్ట్రైక్ అంటే చెయ్యి లేవాల్సిందే

ఎడిటర్ గారికి నమస్కారం.

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 2026 సీజన్ నుంచి స్ట్రైక్ (బ్యాటర్‌కి వ్యతిరేకంగా లెక్కకొచ్చే బంతి) అవునో కాదో కెమెరాలతో సరిచూసే పద్ధతి పెట్టారని మీ క్రీడల పేజీలో చదివాను. వార్త బాగుంది గానీ చివర్లో ఇక అంపైర్లతో పనేముంటుంది అన్నట్టు రాశారు, అది సరికాదు. నేను ప్రభుత్వ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిని, ఆడపిల్లలకు బేస్‌బాల్ లాంటిదే అయిన సాఫ్ట్‌బాల్ నేర్పిస్తాను, స్కూల్ గేమ్స్‌లో అంపైరింగ్ కూడా చేస్తాను, అందుకే ఊరుకోలేక రాస్తున్నా.

ఆ కొత్త పద్ధతిలో కూడా మొదటి నిర్ణయం అంపైర్‌దే. అది నచ్చకపోతే బ్యాటర్ గానీ బంతి వేసే పిచర్ గానీ బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ గానీ వెంటనే తన టోపీనో హెల్మెట్‌నో తట్టాలి, డగౌట్‌లో (మైదానం పక్కన జట్టు కూర్చునే చోట) ఉన్న కోచ్‌కి ఆ అవకాశం లేదు. జట్టుకి రెండు ఛాలెంజ్‌లు, నెగ్గితే ఆ ఛాలెంజ్ చేతిలోనే ఉంటుంది. క్రికెట్‌లో డీఆర్ఎస్ చూసిన మనకి ఇది కొత్తేం కాదు. ఇంతకంటే ముందుకెళ్లి 2019లో అట్లాంటిక్ లీగ్ అనే మరో అమెరికన్ లీగ్‌లో ప్రతి బంతికీ మెషీన్‌తోనే నిర్ణయం చెప్పించి చూశారు, అంపైర్ చెవిలో పెట్టుకున్న ఇయర్‌పీస్‌లో 'స్ట్రైక్' అని వినబడేది, విన్నాక ఆయన చెయ్యి ఎత్తేవాడు. నిర్ణయం మెషీన్‌కి అప్పజెప్పినా చెయ్యి ఎత్తే పని మాత్రం మనిషికే మిగిలింది! ఎందుకంటే ఆ చెయ్యి నిర్ణయం తీసుకోవడానికి కాదు, తీసుకున్న నిర్ణయం మైదానంలో ఉన్న అందరికీ ఒకేసారి తెలియడానికి.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బ్యాటర్ పక్కన నేల మీద ఉండే హోమ్ ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు, దాని మీదుగా దాదాపు మోకాళ్ల నుంచి ఛాతీ దాకా ఉండే ఎత్తులో వెళ్లిన బంతిని బ్యాటర్ కొట్టకుండా వదిలేస్తే స్ట్రైక్, ఊపి తప్పినా స్ట్రైకే. ఆ చోటు బయటి నుంచి వెళ్లి బ్యాటర్ వదిలేసిన బంతిని 'బాల్' అంటారు. మూడు స్ట్రైక్‌లకి అవుట్, నాలుగు బాల్స్‌కి బ్యాటర్‌కి ఫస్ట్ బేస్ (పరుగులో చేరాల్సిన మొదటి మజిలీ) ఊరికే వస్తుంది. అందుకే ప్రతి బంతికీ లెక్క మారుతుంది, ఆ లెక్కని బట్టే పిచర్ ఏ బంతి వెయ్యాలో, బేస్ మీదున్న రన్నర్ ఎప్పుడు పరుగెత్తాలో ఆలోచిస్తారు. బాల్ అయితే అంపైర్ వంగిన చోటే ఉండి నోటితో అంటాడు, చేత్తో ఏమీ చూపించడు. స్ట్రైక్ అయితే పైకి లేచి, కుడి చెయ్యి మోచేతి దగ్గర మడిచి పిడికిలి బిగించి తలుపు తట్టినట్టు ముందుకి కొడతాడు, గట్టిగా అరుస్తాడు. బ్యాటర్ ఊపి తప్పితే అరవక్కర్లేదు, అందరూ చూశారు కాబట్టి చెయ్యి ఎత్తితే చాలు. ఫౌల్ టిప్ అయితే ఎడమ చేతి వెనక భాగాన్ని కుడి చేత్తో రాసి, ఆ తర్వాత స్ట్రైక్ చూపిస్తారు. అంటే బంతి బ్యాట్‌కి కాస్త తగిలి నేరుగా క్యాచర్ గ్లవ్‌లోకి వెళ్లి పట్టుబడిందని అర్థం, అదే మామూలు ఫౌల్ (బ్యాట్‌కి తగిలి గీతల బయటికి పోయిన బంతి) అయితే రెండు చేతులూ పైకి. ఈ రెంటికీ తేడా చూపించకపోతే రన్నర్లు ఆగాలో పరుగెత్తాలో తెలియక మధ్యలో చిక్కుకుంటారు, ఫౌల్ టిప్‌లో ఆట ఆగదు, ఫౌల్‌లో ఆగిపోతుంది మరి.

ఈ సంజ్ఞల వెనకున్న మనుషుల గురించి మీ పేపర్ ఒక్కసారైనా రాయాలని నా కోరిక. ఒహాయోలో 1862లో పుట్టిన విలియం హోయ్‌కి చిన్నతనంలోనే జబ్బు చేసి వినికిడి పోయింది. అయినా 1888 నుంచి 1902 దాకా పెద్ద లీగుల్లో ఆడి 2,000కు పైగా హిట్లు కొట్టాడు. అంపైర్ నోటితో చెప్పే మాట ఆయనకి వినపడదు కదా, వెనక్కి తిరిగి అంపైర్ ముఖం చూసి తెలుసుకునేలోపే పిచర్లు తర్వాతి బంతి వేసేసేవారట. అందుకని థర్డ్ బేస్ దగ్గర నిలబడే కోచ్ స్ట్రైక్‌కి కుడి చెయ్యి, బాల్‌కి ఎడమ చెయ్యి ఎత్తి చూపించేవాడు. అంపైర్ల సంజ్ఞలు ఆయన వల్లే పుట్టాయని చాలామంది నమ్ముతారు, దానికి ఆ కాలం నాటి గట్టి ఆధారమైతే దొరకలేదు. ఎడ్ డండన్ అనే మరో బధిర ఆటగాడు 1886లో అలబామాలోని మొబీల్‌లో ఒక మ్యాచ్‌కి అంపైర్‌గా నిలబడి చేతులతోనే ఆట నడిపించాడు. 1905లో ఇండియానాలోని ఎవాన్స్‌విల్‌లో సై రిగ్లర్ అనే అంపైర్ స్ట్రైక్‌కి కుడి చెయ్యి ఎత్తాడని ఇంకో కథనం. చివరికి ఈ పేరంతా 1905 నుంచి 1941 దాకా అంపైరింగ్ చేసిన బిల్ క్లెమ్‌కి దక్కింది, బేస్‌బాల్ మేటివాళ్లని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన ఫలకం మీద కూడా ఆ మాటే చెక్కారు. ఎవరు ముందు అన్న తగాదా నాకు అంత ముఖ్యం కాదు గానీ, వినపడని ఆటగాళ్లు తమ అవసరం కొద్దీ చేసుకున్న ఏర్పాటు తర్వాత వినపడేవాళ్లందరికీ పనికొచ్చింది, వేలమంది అరిచే స్టేడియంలో నోటిమాట ఎవరికి వినిపిస్తుంది? హోయ్ 99 ఏళ్లు బతికాడు, 1961లో సిన్సినాటిలో వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్ పోటీ) మ్యాచ్‌కి లాంఛనంగా తొలి బంతి ఆయనే విసిరాడు, ఇప్పటికీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకి చోటు లేదు. అది అన్యాయం అనే నేనంటాను.

ఇక మన దగ్గరి సంగతి. ఆ మధ్య ఒక జిల్లా స్థాయి మ్యాచ్‌లో ప్లేట్ అంపైర్ (క్యాచర్ వెనక నిలబడేవాడు) మొత్తం ఆట నోట్లోనే నడిపించాడు, చెయ్యి లేపింది చాలా తక్కువ. మా పిచర్‌కి కూడా సరిగా వినపడటం లేదు, దూరంగా అవుట్‌ఫీల్డ్‌లో ఉన్నవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, "మేడమ్, కౌంట్ ఎంత?" అని బెంచ్ మీద పిల్లలు ప్రతి బంతికీ నన్నే అడుగుతున్నారు. మా జట్టులో లెఫ్ట్ ఫీల్డ్ ఆడే అమ్మాయికి వినికిడి తక్కువ, మంచి చెయ్యి, దూరం నుంచి నేరుగా హోమ్‌కి విసరగలదు. ఆ రోజు రెండు అవుట్‌ల మీద మూడో స్ట్రైక్ పడి ఇన్నింగ్స్ అయిపోయినా ఆ పిల్ల ఇంకా తన చోటే వంగి నిలబడింది. అది చూసి ప్రేక్షకుల్లో కొందరు నవ్వారు. ఆ నవ్వు నాకు చాలా బాధ అనిపించింది, తప్పు ఆ పిల్లది కాదు కదా. మ్యాచ్ అయ్యాక ఆ అంపైర్‌తో మాట్లాడితే "స్కూల్ పిల్లల ఆటకి అంత యాక్షన్ ఎందుకు మేడమ్" అన్నాడు.

యాక్షన్ వేరు, సిగ్నల్ వేరు. మూడో స్ట్రైక్‌కి పెద్ద లీగుల్లో కొందరు పక్కకి తిరిగి విల్లు ఎక్కుపెట్టినట్టు చేస్తారు, అది వాళ్ల స్టైల్, అది రాకపోయినా నష్టం లేదు. మామూలుగా పిడికిలి ఎత్తడానికి స్టైల్ అక్కర్లేదు, ఆలస్యమూ కాదు. బంతి గ్లవ్‌లో పడ్డాక ఒక క్షణం ఆగి, నిర్ణయం మనసులో ఖాయం చేసుకుని, అప్పుడు ఎత్తాలి, అంతే. మధ్యమధ్యలో ఎడమ చేతి వేళ్లతో బాల్స్, కుడి చేతి వేళ్లతో స్ట్రైక్‌లు పైకెత్తి చూపిస్తే అందరికీ లెక్క కుదురుతుంది. క్రికెట్‌లో అయితే అంపైర్ ఫోర్ చూపించి స్కోరర్ తిరిగి చెయ్యి ఊపేదాకా ఆగాలని రూలే ఉంది, ఇక్కడ ఆ మాత్రం శ్రద్ధ ఎందుకుండదో నాకు అర్థం కాదు.

2025 ఆగస్టులో అట్లాంటాలో జెన్ పావొల్ మేజర్ లీగ్ రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌కి అంపైరింగ్ చేసిన మొదటి మహిళ అయింది, ఆమె అంతకుముందు ఏళ్ల తరబడి కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో అంపైరింగ్ చేసింది. మన అమ్మాయిల్లో కూడా ఆడటం మానేశాక అంపైర్లు కాగలిగేవాళ్లు ఉన్నారు, వాళ్లకి నేర్పించేవాళ్లు కావాలి. ఈ సీజన్ పోటీలు మొదలయ్యేలోపు స్కూల్ గేమ్స్ నిర్వాహకులు అంపైర్లందరికీ ఒక రోజు శిక్షణ పెట్టాలి, ప్రతి స్ట్రైక్‌కీ చెయ్యి ఎత్తడం తప్పనిసరి అని రాతపూర్వకంగా ఇవ్వాలి, వినికిడి సమస్య ఉన్న పిల్లలు ఏ జట్టులో ఉన్నా ఆ విషయం టాస్ దగ్గరే అంపైర్‌కి చెప్పేలా చూడాలి. దయచేసి ఈ ఉత్తరం మీ జిల్లా ఎడిషన్‌లో కూడా వెయ్యండి, నిర్వాహకులు చదివేది అదే.

— ఒక సాఫ్ట్‌బాల్ టీచర్, నిజామాబాద్ జిల్లా