క్యాన్సర్ వచ్చిన పెద్దవాళ్ల తిండి సంగతి ఎవరు చూడాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

మన నల్గొండ పల్లెల్లో అరవై, డెబ్బై దాటినవాళ్లకు క్యాన్సర్ అని తెలిస్తే ఇంట్లో అందరూ కీమో గురించి, ఆరోగ్యశ్రీ గురించి, హైదరాబాద్‌లో ఎవరింట్లో దిగాలన్న దాని గురించి మాట్లాడతారు గానీ ఆ మనిషి ఏం తింటున్నాడో, ఎంత చిక్కిపోయాడో ఎవరూ అడగరు. రవిక వదులైనా, పంచె నిలవకపోయినా "వయసు కదా" అని సరిపెట్టుకుంటారు. అట్లా వదిలేసే విషయం కాదండీ ఇది. ఏ కారణం లేకుండా ఆరు నెలల్లో ఒంటి బరువులో 5 శాతం కన్నా ఎక్కువ పోతే, అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు దాటి తగ్గితే, డాక్టర్లు దాన్ని ప్రమాదంగానే లెక్కిస్తారు. కాళ్లకో పొట్టకో నీరు చేరితే ఆ తగ్గింది కాంటా మీద కనపడదు కూడా. పోయేది కొవ్వు ఒక్కటే కాదు, కండ పోతుంది. కండ కరిగిన పెద్దవాళ్లు కీమోకు తట్టుకోలేరు, ఇన్ఫెక్షన్లు తొందరగా పట్టుకుంటాయి, ఆపరేషన్ అయితే లేచి తిరగడానికి చాలా రోజులు పడుతుంది.

పైగా మన పథ్యాలు. మా అత్తమ్మకు రొమ్ము క్యాన్సర్ అన్నప్పటి నుంచి చూడటానికొచ్చిన ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి మాన్పించి పోయారు, గుడ్డు వేడి అని ఒకరు, మాంసం పడదని ఇంకొకరు, తీపి తింటే గడ్డ పెరుగుతుందని మరొకరు. చివరికి చారన్నం మిగిలింది. అందరూ ప్రేమతోనే చెప్పారు, అందుకే కాదనడం కష్టం. కానీ ఇలాంటివాళ్లకు కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము పైనే, వీలైతే ఒకటిన్నర గ్రాముల దాకా ప్రోటీన్ కావాలి. ఒక గుడ్డులో ఉండేదే సుమారు 6 గ్రాములు, చారన్నంతో ఎక్కడ సరిపోతుంది? కిడ్నీ జబ్బు ఉంటే డాక్టర్‌ను అడిగే పెట్టాలి, మిగతావాళ్లకు భయం దేనికి? నోరు పూసినప్పుడు కారం లేకుండా మెత్తటి ముద్దపప్పు, పెరుగన్నం, పాలు పోసి జారుగా చేసిన జొన్న గట్క కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు పెట్టొచ్చు. అసలు మింగుడే పడకపోతే ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

టీబీ రోగులకు ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ కింద తిండి కోసమే డబ్బులు వేస్తోంది, నెలకు 500 ఉన్నదాన్ని 2024 నవంబర్ నుంచి 1000 చేసింది. మందు ఒక్కటే చాలదని ఒప్పుకున్నట్టే కదా. మరి 2,016 రూపాయల ఆసరా పింఛనులోనే అన్నీ వెళ్లదీసుకునే క్యాన్సర్ పెద్దలకు ఆ సాయం ఎందుకు ఉండకూడదు? నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికి ఒక రోజైనా డైటీషియన్ వీళ్లను కూర్చోబెట్టుకుని మాట్లాడేలా చూడాలి, ఇంటివాళ్లను కూడా పిలిచి చెప్పాలి. బీపీ, షుగర్ చూడటానికి వచ్చే ఏఎన్ఎంలు, ఆశాలు నెలకోసారి వీళ్ల బరువు కూడా రాసుకుని, తగ్గితే పైకి తెలపాలి. ఒక కాంటా, ఒక నోటుబుక్కు ఉంటే ఈ నెల నుంచే మొదలుపెట్టొచ్చు.

— ఒక పాఠకురాలు, దేవరకొండ, నల్గొండ జిల్లా