ఒక తుఫానుకి ఎన్ని పేర్లండి

ఎడిటర్ గారికి నమస్కారమండి.

మాది అంతర్వేది దగ్గరండి, రేవులో బోట్లకి ఐసు, సరుకులు అమ్ముకునే చిన్న షాపు నాది. మీ పేపరు పాతికేళ్ళ నుంచి వేయించుకుంటున్నాను గానీ ఉత్తరం రాయడం మాత్రం ఇదే ఫస్టు, తప్పులుంటే మీరే దిద్దుకోండి.

2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన తుఫాను గుర్తుందాండి. దానికి ముందు రోజు పొద్దున్న మా షాపు ముందు బల్ల మీద మీ పేపరూ ఇంకో పేపరూ పక్కపక్కనే పడున్నాయి. ఒకదాంట్లో మిచౌంగ్ అని ఉంది, ఇంకోదాంట్లో మిగ్‌జాం అని ఉంది, లోపల టీవీలో కింద మిచాంగ్ అని పరిగెడతా ఉంది. మా రేవులో ఓ పెద్దాయన ఉన్నాడండి, డెబ్బై దాటాయి, అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు. రెండు పేపర్లూ అటూ ఇటూ తిప్పి చూసి, "ఏరా అబ్బాయ్, ఒకటి కాదా, దాని ఎనకాల ఇంకోటి కూడా వస్తందా?" అన్నాడు. బల్ల దగ్గర కూర్చున్న కుర్రాళ్ళు పకపకా నవ్వేరు. నేనూ నవ్వేననుకోండి. కానీ మధ్యాహ్నం భోజనం చేస్తుంటే అనిపించింది, ఆయన అడిగిన దాంట్లో వెర్రి ఏవుందీ అని. 2013 నవంబరులో నిజంగానే అలా వచ్చాయి కదండి, 22న హెలెన్, మళ్ళీ 28న లెహర్, రెండూ మచిలీపట్నం వైపే. చేలల్లో వరి కోతకొచ్చి ఉన్న టైము. అది చూసినోడు రెండు పేర్లు కనపడితే రెండు తుఫాన్లనుకోడా మరి.

ఆ పేర్ల సంగతి తెలుసుకుందామని అప్పట్నించి కనపడిందల్లా చదవడం మొదలెట్టాను. ఇది అనుకున్నంత చిన్న యవ్వారం కాదండోయ్. పేర్లు పెట్టేది ఢిల్లీలో ఎవరో ఒక ఆఫీసరు కూర్చుని కాదు, 13 దేశాలు కలిసి ముందే రాసి పెట్టుకున్న లిస్టది. ఐక్యరాజ్యసమితికి ఆసియా పసిఫిక్ దేశాల కోసం ఎస్కాప్ అని ఒక సంస్థ ఉంది, 1947లో షాంఘైలో మొదలై తర్వాత బ్యాంకాక్‌కి మారింది. అటు టర్కీ నుంచి ఇటు కిరిబాటి అనే దీవుల దాకా 53 సభ్యదేశాలు దాంట్లో. అదీ, ప్రపంచ వాతావరణ సంస్థా కలిసి 1972లో మన బంగాళాఖాతం, అరేబియా సముద్రాల తుఫాన్ల కోసం ఒక ప్యానెల్ పెట్టాయి. ఎందుకు పెట్టాయంటే అంతకు రెండేళ్ళ ముందు, 1970 నవంబరులో, అప్పటికింకా తూర్పు పాకిస్తాన్‌గా ఉన్న బంగ్లాదేశ్ మీద భోలా తుఫాను పడి తక్కువలో తక్కువ మూడు లక్షల మంది పోయారు. మూడు లక్షలండి! మన దివిసీమ ఉప్పెనకే ఇప్పటికీ నవంబరు 19 వస్తే ఆ వైపు వాళ్ళకి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, అలాంటిది అక్కడ ఎలా ఉండుంటదో ఊహకి కూడా అందదు.

నాకు నచ్చిందేంటంటే, ఆ భోలా తుఫాను మర్నాటి ఏడాదే, 1971లో, యుద్ధం జరిగింది కదా, ఆ యుద్ధంలో తలపడ్డ మూడు దేశాలూ, అంటే మనం, పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఈ ప్యానెల్లో ఉన్నాయి. ఇవాల్టికీ ఉన్నాయి. మన చుట్టుపక్కల దేశాల కూటమి సార్క్ చూడండి, 2014లో ఖాట్మండులో పెద్దలంతా కలిశారు, 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సిన సభ ఆగిపోయింది, ఇక మళ్ళీ సభ లేదు. ఇక్కడేమో ఢిల్లీ తుఫాను కేంద్రం మూడేసి గంటలకోసారి బులెటిన్ పంపిద్ది, ఆ బులెటిన్ కరాచీకీ వెళ్ళుద్ది, ఢాకాకీ వెళ్ళుద్ది, మస్కట్‌కీ వెళ్ళుద్ది. మాటలు లేని ఇళ్ళ మధ్య కూడా నిప్పంటుకుంటే గోడ మీద నుంచి కేకేస్తారు చూడండి, అలాగ.

పేర్లు మొదలైంది మాత్రం లేటుగా, 2004లోనండి. మొదటిది ఓనిల్, బంగ్లాదేశ్ పెట్టింది. అంతకుముందు మనకి పేర్లే లేవు, అందుకే 96 తుఫానుని ఇప్పటికీ 96 తుఫానే అంటాం. ఆ నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరి చెట్లు ఎలా పడుకున్నాయో, భైరవపాలెం, బలుసుతిప్ప నుంచి వేటకెళ్ళినోళ్ళు ఎంతమంది తిరిగి రాలేదో నేను చెప్పక్కర్లేదు. అప్పట్లో ఆ బోట్లకి కబురు చేరే దారే లేదు, పేరున్నా లేకపోయినా ఒకటే. ఇప్పుడు దారుంది, ఫోనుంది, వైర్‌లెస్ సెట్టుంది, ఆ దార్లో పంపే కబురు తికమకగా ఉంటే ఎలాగన్నదే నా బాధ.

మొదటి లిస్టులో 8 దేశాలు తలా 8 చొప్పున 64 పేర్లిచ్చాయి, అది 2020 మే నెలలో థాయిలాండ్ వాళ్ళ ఆంఫన్‌తో అయిపోయింది. ఇప్పుడు నడిచే లిస్టులో ఆ ప్యానెల్‌లోని 13 దేశాలు, తలా 13, మొత్తం 169. ఇంగ్లీషు అక్షరాల వరసలో బంగ్లాదేశ్ నుంచి యెమెన్ దాకా వంతులవారీగా వస్తాయి. ఇందాక చెప్పిన హెలెన్ బంగ్లాదేశ్‌ది, దాని వెనకాల లెహర్ మనది, డిసెంబరులో మాది వచ్చింది, అంటే మా ఊరిది అనుకునేరు, మాది అని మాల్దీవుల వాళ్ళు పెట్టిన పేరు. రూల్సు కూడా ఉన్నాయండి. ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు దాటకూడదు, మతం, రాజకీయం తగలకూడదు, ఎవరి మనసూ నొప్పించకూడదు. 2013లో శ్రీలంక వాళ్ళు మహాసేన్ అని తమ పాత రాజుగారి పేరు ఇస్తే, చెరువులు తవ్వించిన రాజు పేరు కొంపలు కూల్చే గాలికి పెడతారా అని వాళ్ళ దేశంలోనే గొడవైంది, ఆఖరికి వియారు అని మార్చారు. అదీ నిజమే కదా.

ఇక అసలు విషయం. ఆ లిస్టులో ప్రతి పేరు పక్కనా దాన్ని ఎలా పలకాలో కూడా రాసుంది. మయన్మార్ పెట్టిన ఆ 2023 పేరుని ఇంగ్లీషులో చూస్తే మిచౌంగ్ అనే అనిపించుద్ది, కానీ పలకాల్సింది మిగ్‌జాం లాగా అని పక్కనే ఉంది. అంటే పదమూడు దేశాలోళ్ళు మనలాంటోళ్ళు తికమక పడకూడదని అంత దూరం ఆలోచించి రాసి పెడితే, బ్యాంకాక్, ఢిల్లీ, అమరావతి అన్నీ దాటుకుని ఆఖరికి మా ఐసు షాపు బల్ల దగ్గరికొచ్చేసరికి ఆ కబురు మూడు ముక్కలైపోయింది. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన దానికీ అంతే, మొంథా, మోంథా, మొంతా, ఎవరిష్టం వాళ్ళది. థాయిలాండ్‌లో అదో సువాసన పువ్వు పేరంట, మాకు ఆ రాత్రి వాసన తెలీలేదు గానీ రేకులు ఎగిరిన చప్పుడు బానే వినపడింది.

మా షాపు గోడకి ఓ నల్లబోర్డు ఉందండి. తుఫాను టైములో దాని మీద సుద్దముక్కతో పేరు, ఎక్కడుంది, ఎటు కదులుతుంది, బులెటిన్ ఎన్నింటిది, ఈ నాలుగూ రాస్తాను. బోట్లోళ్ళు అది చూసుకుని ఫోన్లలో వేరే ఊళ్ళోళ్ళకి చెప్తారు, సముద్రం మీదున్నోళ్ళకి వైర్‌లెస్‌లో అరుస్తారు, గాలికి సగమే వినపడుద్ది. మొన్న మొంథా అని నేను రాస్తే ఒక కుర్రాడు ఫోను చూసుకుంటా వచ్చి చెరిపేసి మోన్‌థా అని రాశాడు, సాయంత్రానికి ఇంకెవడో దాన్నీ దిద్దేడు. తీరా ఈ గోలలో బులెటిన్ టైము చెరిగిపోయింది, అది ఎప్పటి కబురో ఎవరికీ తెలీలేదు.

నేనడిగేది పెద్ద పనేం కాదు. ఆ లిస్టు మీ డెస్కులో పెట్టుకోండి, పలకడం ఎలాగో చూసి తెలుగులో ఒక్కటే స్పెల్లింగు ఖాయం చేయండి, వీలైతే మిగతా పేపర్లోళ్ళతో కూడా మాట్లాడండి, మీరూ మీరూ ఒకే ప్రెస్‌మీట్లలో కూర్చుంటారు కదా. బులెటిన్ ఎన్ని గంటలదో మాత్రం పేరు పక్కనే వేయండి, మూడు గంటల్లో దారి మారిపోద్ది దానికి. పేరు ఏ దేశం పెట్టిందో కూడా వేస్తే సంతోషం, పిల్లలు చదువుకుంటారు.

మొంథా తర్వాత వచ్చిన దిత్వా తుఫాను అయ్యాక వరసలో బంగ్లాదేశ్ వాళ్ళ అర్నబ్, మనవాళ్ళ మురసు ఉన్నాయి, ఇవి ఎవరైనా సరిగ్గానే రాస్తారు. ఇంకొంచెం వెనక మయన్మార్ పేరొకటుంది, ఇంగ్లీషులో ఎన్, జీలతో మొదలవుద్ది, దాన్ని తెలుగులో ఎలా రాయాలో నాకైతే తెగలేదు. మీరు కూర్చుని ఏదో ఒకటి ఖాయం చేసి చెప్పండి, బోర్డు మీద అదే రాస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు, అంతర్వేది దగ్గర్నుంచి