ఆఖరి మెట్టు

చిట్టీ,

రాత్రి ఫోన్లో "ఏం లేదమ్మా, కాస్త కాలు బెణికింది" అని తేలిగ్గా అనేశావు. హాస్టల్ మెట్లు దిగుతూ ఫోన్ చూసుకుని ఉంటావు, నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు. మాట్లాడితే "సరేలే" అని పెట్టేస్తావని ఇలా రాస్తున్నాను.

నువ్వు మూడో క్లాసులో ఉండగా, ఒక సాయంత్రం డాబా మీంచి ఆరిన బట్టలు తెస్తున్నాను. కరెంటు లేదు. చేతుల్లో గుట్ట, కాళ్ల దగ్గర ఏముందో కనబడదు. మెట్లు అయిపోయాయనుకున్నాను, ఇంకొకటి మిగిలుంది. పాదం లోపలికి మెలిపడి, ఒళ్లు బరువంతా దాని అంచు మీద పడింది. చీలమండ బయటివైపు ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్లు సాగాయని డాక్టర్ చెప్పాడు. చాలామందికి బెణికేది అక్కడేనట.

డాక్టర్ దగ్గరికి వెళ్లకముందు, పడిన రాత్రే మీ నానమ్మ ప్రేమకొద్దీ వేడి నూనె రాసి గట్టిగా తోమింది. తెల్లారేసరికి బూరెలా పొంగింది! నువ్వు రెండు రోజులపాటు మర్దనా, కాపడం జోలికి పోకు. ఐస్ గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు పెట్టు. పడుకున్నప్పుడు కాలి కింద రెండు దిండ్లు వేసుకో. క్రేప్ బ్యాండేజీ వేళ్లు తిమ్మిరెక్కేంత బిగించకు. నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక మీద నొక్కితే ఓర్చుకోలేకపోయినా వెంటనే ఎక్స్‌రే తీయించుకో.

మీ నాన్న కథ వేరే. ఒరిగిపోతున్న నిండు సిలిండర్‌ని ఒంటిచేత్తో ఆపబోయాడు. గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే దాదాపు 30. మణికట్టు ఊరుకుంటుందా?

నేను చేసిన అసలు తప్పు వేరే ఉంది. వాపు దిగగానే నాలుగో రోజు హీల్స్ వేసుకుని పెళ్లికి వెళ్లాను. నొప్పి పోయింది గానీ కాలికి పట్టు రాలేదు. గతుకుల రోడ్డు మీద ఇప్పటికీ అదే కాలు మెలిపడుతుంది. అందుకే మీ నాన్న చెయ్యి పట్టుకుని నడుస్తాను. ఆయన ప్రేమనుకుంటాడు పాపం.

శనివారం డాన్సు మానెయ్. అలుగుతావని తెలుసు, అయినా మానెయ్. నొప్పి బాగా తగ్గాక గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం మొదలుపెట్టు. నేనూ పళ్లు తోముకుంటూ అదే చేస్తున్నా. నిన్న 22 దాకా లెక్కపెట్టాను. మీ నాన్న వీడియో తీయబోతే నవ్వొచ్చి కాలు దించేశాను.

అమ్మ