తీగలు మార్చారు, గిటార్ సెటప్ మాత్రం గాలికి వదిలేశారు

సర్వీస్ విభాగం వారికి,

విషయం: అడగకుండా లావు తీగలు వేసి, సెటప్ (తీగలకి తగ్గట్టు గిటార్ సర్దుబాటు) చేయకుండా గిటార్ తిరిగి ఇవ్వడం గురించి

నమస్కారం. తీగలు తుప్పు పట్టి శబ్దం మొద్దుబారిందని పోయిన వారం నా ఎలక్ట్రిక్ గిటార్‌ని మీ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను. మీ కంపెనీదే, వారంటీ ఇంకా ఉంది. ఇచ్చేటప్పుడు ఒక్క మాటే చెప్పాను, ఇప్పుడు ఏవి ఉన్నాయో అవే వెయ్యండి అని. ఉన్నవి 9 సెట్, అంటే సన్న తీగ 0.009 అంగుళం, లావు తీగ 0.042. మీరు వేసి పంపింది 10 సెట్, 0.010 నుంచి 0.046. బిల్లు మీద "తీగల మార్పు" అని ఉందే తప్ప ఏ గేజో, అంటే తీగ ఎంత మందమో, రాయలేదు, బ్యాగ్‌లో ఉన్న ఖాళీ ప్యాకెట్ చూశాకే నాకు సంగతి తెలిసింది.

ఫోన్ చేస్తే మీవాళ్లు "అంగుళంలో వెయ్యో వంతు తేడాకి ఏమవుతుందండీ" అన్నారు. ఏమవుతుందో చెప్తాను. పొడవూ స్వరమూ మారనప్పుడు తీగ టెన్షన్ దాని మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి 0.009 తీసి 0.010 వేస్తే ఆ ఒక్క తీగ మీదే దాదాపు 23 శాతం ఎక్కువ. నా గిటార్ స్కేల్, అంటే మోగే తీగ పొడవు, 25.5 అంగుళాలు. మామూలు ట్యూనింగ్‌లో ఆరు తీగలూ కలిసి 9 సెట్ అయితే సుమారు 38 కిలోల బరువుతో లాగుతాయి, 10 సెట్ అయితే 46 కిలోలు దాటుతుంది. మెడలాంటి నెక్ మీద, తీగల కింది చివర పట్టుకునే బ్రిడ్జ్ మీద ఎనిమిది కిలోలు అదనంగా పెట్టి, ఒక్క స్క్రూ కూడా తిప్పకుండా గిటార్ నా చేతికిచ్చారు.

పైగా నాది ఫ్లోటింగ్ ట్రెమొలో, అంటే ముందుకీ వెనక్కీ ఊగే బ్రిడ్జ్. ముందు తీగలు లాగుతుంటే వెనక స్ప్రింగులు అంతే బలంగా పట్టుకుంటేనే ఆ బ్రిడ్జ్ సమంగా నిలుస్తుంది. మీరు తీగల బలం పెంచి స్ప్రింగుల జోలికి పోలేదు, దాంతో బ్రిడ్జ్ వెనక అంచు లేచి ముందుకు వాలిపోయింది, పక్కనుంచి చూస్తే ఎవరికైనా కనబడుతుంది. వెనక మూత తీసి చూశాను, అవే మూడు స్ప్రింగులు, వాటిని పట్టుకున్న క్లా (లోహపు పట్టీ) స్క్రూలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ రెండు స్క్రూలు కొంచెం కొంచెంగా బిగిస్తూ మళ్లీ మళ్లీ ట్యూన్ చేస్తే, చాలకపోతే ఇంకో స్ప్రింగ్ తగిలిస్తే, బ్రిడ్జ్ దాని చోటుకి వచ్చేది.

బ్రిడ్జ్ లేచాక మిగతావన్నీ దాని వెంటే చెడతాయి. గిటార్ మీకిచ్చే ముందు 12వ ఫ్రెట్ (నెక్ మీది లోహపు అడ్డుకమ్మి) దగ్గర లావు తీగ ఎత్తు కొలిచి రాసుకున్నాను, 1.6 మిల్లీమీటర్లు. ఇప్పుడు 2.5. అంత ఎత్తు నుంచి నొక్కితే తీగ ఎక్కువ సాగి స్వరం పైకి పోతుంది, ముందుకు వాలిన బ్రిడ్జ్‌తో సాడిల్స్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే ముక్కలు) కూడా కాస్త ముందుకొచ్చాయి కాబట్టి ఇంకా పైకి పోతుంది. 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటే స్వరం) ట్యూనర్‌లో సరిగ్గానే చూపిస్తుంది, అదే చోట నొక్కి వాయిస్తే షార్ప్. కింది ఫ్రెట్ల దగ్గర కార్డులు (కలిపి మోగించే స్వరాలు) బాగానే ఉండి పైకి వెళ్లేకొద్దీ అపశ్రుతి పలుకుతుంటే సాధన ఎలా చేయమంటారు?

నెక్ సంగతి కూడా చూశాను. మొదటి ఫ్రెట్‌కి కాపో (తీగల్ని నొక్కి పట్టే క్లిప్) పెట్టి, చివరి ఫ్రెట్ నొక్కి, మధ్యలో 7వ ఫ్రెట్ దగ్గర ఖాళీ చూస్తే ఇదివరకు పావు మిల్లీమీటర్ ఉండేది, ఇప్పుడు కంటికే పెద్దదిగా తెలుస్తోంది. అంటే కొత్త టెన్షన్‌కి నెక్ ముందుకు వంగింది, ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ) కొంచెం బిగించాలి. నేనే పావు తిప్పు బిగించగలను, కానీ వారంటీ ఉండగా నేను చెయ్యి పెడితే రేపు తప్పు నాదే అంటారని ముట్టుకోలేదు. లావు తీగ నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో ఇరుక్కుంటోంది కూడా, ట్యూన్ చేస్తుంటే కదలకుండా ఉండి ఉన్నట్టుండి టింగుమని జారుతోంది. ఆ గాడి 0.042 తీగకి కోసింది.

రెండోసారి ఫోన్ చేస్తే "కొత్త తీగలు కుదురుకోవడానికి టైమ్ పడుతుంది" అన్నారు. కొత్త తీగలు సాగి శ్రుతి దిగడం నిజమే, లాగి లాగి ట్యూన్ చేస్తే ఒకటి రెండు రోజుల్లో నిలబడతాయి. వాలిపోయిన బ్రిడ్జ్ మాత్రం దానంతట అది లేచి కూర్చోదు. మూడోసారి "సాడిల్స్ దించుకోండి" అన్నారు. దించితే ఎత్తు తగ్గుతుంది గానీ బ్రిడ్జ్ వాలు అలాగే ఉంటుంది, నెక్ వంపు అలాగే ఉంటుంది. చివరికి "సెటప్ వేరే సర్వీస్, మీరు అడగలేదు" అన్నారు. నాకు బాగా కష్టంగా అనిపించిన మాట ఇది. అదే గేజ్ వేసి ఉంటే, ఒక్కొక్క తీగే తీసి ఒక్కొక్కటే ఎక్కించి ఉంటే, సెటప్ అవసరమే వచ్చేది కాదు. గేజ్ మార్చింది మీరు, దాని వల్ల వచ్చిన పని నేను అడగలేదంటే ఎలా?

నాకు కావలసింది ఇది. 0.009 నుంచి 0.042 సెట్ వేసి, బ్రిడ్జ్, నెక్, 12వ ఫ్రెట్ ఎత్తు, ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిగ్గా పలకడం) మునుపటిలా ఉన్నాయో లేదో నా ముందే కొలిచి చూపించండి, దీనికి డబ్బు తీసుకోవద్దు. నట్ గాడిని మాత్రం అరగదీయకండి, సన్న తీగలకి అది ఇప్పుడున్నట్టే సరిపోతుంది. అలాగే బిల్లు మీద పాత గేజ్, కొత్త గేజ్ రాయడం మొదలుపెట్టండి, మార్చాలనుకుంటే ముందు కస్టమర్‌ని అడగండి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఈ తేడా తెలియదు, వేళ్లు నొప్పి పుట్టి, శ్రుతి కుదరక, తప్పు తమదే అనుకుని వాయించడం మానేస్తారు.

కొలతలు, బ్రిడ్జ్ ఫోటోలు, ప్యాకెట్ ఫోటో, బిల్లు కాపీ జత చేశాను. గిటార్ ఎప్పుడు తీసుకురావాలో ఈ వారంలోగా రాతపూర్వకంగా చెప్పండి. అప్పటిదాకా తీగలు కాస్త వదులు చేసి ఉంచుతున్నాను.

ఇట్లు,
మీ కస్టమర్